థైమస్ గ్రంథి - దాని కంతి వేసిన చిక్కుప్రశ్న

ఒకసారి ఆటలమ్మ పోసిన పిల్లవానికి మళ్ళీ పోయదని మన ఇళ్లలో ముసలమ్మలు ధైర్యంగా చెబుతారు. తట్టు, గవదబిళ్ళల సంగతి కూడా ఇంతే. పదిరోజులు మంచాన పడవేసి వెళ్లిన రోగం శరీరంలో ఒక గుర్తును వదలి వెళ్తుంది. అదే రోగం మళ్ళీ వచ్చినప్పుడు శరీరం ఆ గుర్తును బట్టి దానిని పోల్చుకొని, కాలు మోపనీయక తరిమివేస్తుంది. నలభై, యాభై ఏళ్లు వచ్చేసరికి మనిషి ఇట్లా ఎన్నో రకాల సూక్ష్మజీవులతో పోరాడి గెలిచి ఉంటాడు. అతని రక్తం ఆ పోరాటాల చరిత్ర అంతా రాసిపెట్టుకొన్న పుస్తకం వంటిది. పుట్టుకతో ఏ లోపమూ లేనట్టి మనిషికి, ఆ వయసులో, ఆ పుస్తకంలోని పుటలు ఒక్కొక్కటే తెల్లకాగితాలుగా మారిపోతే ఏమవుతుంది?

ఇట్టి రోగం ఒకటి ఉన్నది. చాలా అరుదైనది. దీనిలో మరొక వింత ఏమంటే, ఇది వచ్చిన వారి రొమ్ములో, గుండెకు ముందు పక్కన, ఒక కంతి కూడా ఉంటుంది. ఆ కంతి థైమస్ అనే గ్రంథిలో పుట్టినది. రొమ్ములోని కంతికీ రక్తం రోగాలను మరచిపోవటానికీ సంబంధం ఏమిటి? ఈ ప్రశ్న 1954లో మొదటిసారిగా పుట్టింది. దానికి పూర్తి సమాధానం ఈనాటికీ లేదు. కాని ఆ సమాధానాన్ని వెతుకుతూ పోయినందువల్ల, అంతకుముందు ఎందుకూ పనికిరాదనుకొన్న ఒక అవయవం మన ప్రాణాలను ఎట్లా కాపాడుతున్నదో బయటపడింది.

ముందుగా రక్తంలోని ఆ గుర్తులు ఏమిటో చూద్దాం. రక్తాన్ని గాజుగొట్టంలో కదలకుండా ఉంచితే కాసేపటికి గడ్డకట్టి, పైన లేత పసుపు రంగు గల ద్రవం తేరుకొంటుంది. దీనిని సీరం అంటారు. దీనిలో అనేక రకాల మాంసకృత్తులు కరిగి ఉన్నవి. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఆర్నే టిసీలియస్ అనే శాస్త్రజ్ఞుడు ఈ మాంసకృత్తులను విద్యుచ్ఛక్తితో వేరుచేసే పరికరాన్ని 1937లో ప్రకటించాడు. ఒక్కొక్క మాంసకృత్తుకు విద్యుదావేశం ఒక్కొక్క తీరుగా ఉంటుంది కాబట్టి, విద్యుత్తు ప్రవహింపజేసినప్పుడు కొన్ని వడిగా, కొన్ని మెల్లగా కదులుతవి. అన్నిటికంటె ముందు ఆల్బుమిన్ పోతుంది. దాని వెనుక గ్లోబులిన్లు మూడు గుంపులుగా నడుస్తవి. వాటికి గ్రీకు అక్షరాలను బట్టి ఆల్ఫా, బీటా, గామా అని పేర్లు పెట్టారు. గీత గీసి చూస్తే ఈ గుంపులు నాలుగు గుట్టలవలె కనిపిస్తవి. చిట్టచివరి గుట్ట గామా గ్లోబులిన్లది.

1939లో టిసీలియస్, కాబట్ అనే శాస్త్రజ్ఞులు ఒక చక్కని ప్రయోగం చేశారు. ఒక పరాయి మాంసకృత్తును కుందేలుకు పలుమార్లు ఎక్కించి, దానికి విరుగుడుగా కుందేలు రక్తంలో ప్రతిరక్షకాలు తయారయ్యేటట్లు చేశారు. అప్పుడు ఆ కుందేలు సీరంలో గామా గుట్ట బాగా ఎత్తుగా కనిపించింది. తరువాత అదే సీరంలో ఆ పరాయి మాంసకృత్తును కలిపారు. ప్రతిరక్షకాలు దానిని పట్టుకొని మడ్డిగా అడుగున దిగినవి. మడ్డిని తీసివేసి మిగిలిన సీరాన్ని పరీక్షిస్తే గామా గుట్ట కుంగిపోయింది! కావున రోగాల గుర్తులను మోసే ప్రతిరక్షకాలు ముఖ్యంగా గామా గ్లోబులిన్లలోనే ఉన్నవని తేలింది.

ఈ పరికరం ఆసుపత్రులకు చేరిన తరువాత కొత్త రోగం ఒకటి బయటపడింది. 1952లో అమెరికా సైన్యానికి చెందిన వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో ఆగ్డెన్ బ్రూటన్ అనే పిల్లల వైద్యుడు, ఎనిమిదేళ్ల బాలుని సీరాన్ని పరీక్షింపజేశాడు. ఆ బాలునికి కొన్నేళ్లుగా న్యుమోనియా, రక్తంలో సూక్ష్మజీవులు చేరే జ్వరాలు మాటిమాటికి వస్తున్నవి. పరీక్షలో గామా గుట్ట ఉండవలసిన చోట చదునుగా ఉన్నది. ఇతరుల రక్తం నుండి తీసిన గామా గ్లోబులిన్‌ను బ్రూటన్ ఆ బాలునికి సూదిమందుగా ఇస్తూ వచ్చాడు. జ్వరాలు తగ్గినవి. ఇది పుట్టుకతో వచ్చే లోపం. దీనికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోము పైన ఉన్నదని, అందువల్లనే ఈ రోగం మగపిల్లలకు వస్తుందని తరువాత తెలిసింది.

బ్రూటన్ చెప్పిన రోగాన్ని గురించి చదివిన వారిలో రాబర్ట్ గుడ్ ఒకడు. ఆయన అమెరికాలో మినసోటా విశ్వవిద్యాలయంలో యువవైద్యుడు. ఆయన వద్దకు యాభై ఏళ్లు దాటిన ఒక రోగి వచ్చాడు. అతడు ఎనిమిదేళ్లుగా న్యుమోనియాతో బాధపడుతున్నాడు; ఒకటి తగ్గేసరికి మరొకటి. అంతకుముందు అందరివలె ఆరోగ్యంగా బ్రతికినవాడే. సీరాన్ని పరీక్షిస్తే గామా గ్లోబులిన్ దాదాపు లేదు. బాలునిలో ఉన్న లోపమే ఇది. ఐతే బాలునికి పుట్టుకతో వచ్చింది, ఇతనికి నడివయసులో వచ్చింది. ఎక్స్-రే తీస్తే రొమ్ములో, రొమ్ముటెముక వెనుక, పెద్ద కంతి కనిపించింది. అది థైమస్ గ్రంథిలో పెరిగిన కంతి. శస్త్రచికిత్స చేసి దానిని తీసివేశారు. గామా గ్లోబులిన్ మాత్రం తిరిగి రాలేదు.

ఈ రెండూ ఒకే మనిషిలో కాకతాళీయంగా కలిసినవని సరిపెట్టుకోవచ్చునా? ఇక్కడ కొంచెం లెక్క వేసుకోవటం మంచిది. థైమస్ కంతి చాలా అరుదు. ఏడాదికి పది లక్షల మందిలో ఒకరిద్దరికి వస్తుంది. పెద్దవారిలో గామా గ్లోబులిన్ పడిపోవటం కూడా అరుదే. మాటవరసకు పది లక్షలలో ఒకరికి అనుకొందాం. రెండింటికీ సంబంధం లేకపోతే, రెండూ ఒకరికే రావటానికి గల సంభావ్యతను తెలుసుకోవటానికి ఈ రెండు భిన్నాలను హెచ్చవేయాలి. లక్ష కోట్ల మందిలో ఒకరు అని వస్తుంది. భూమి మీద ఉన్న జనమంతా కలిసి సుమారు 800 కోట్లు! ఐనా ఒక్క రోగిని చూసి సిద్ధాంతం కట్టటం తప్పే. ఎంత అరుదైనదైనా ఎక్కడో ఒకచోట జరుగవచ్చు. కాని కొద్దికాలానికే ఇట్టి రోగులే మరికొందరు ఇతర చోట్ల కనబడ్డారు. అప్పుడిక కాకతాళీయమనటానికి వీలులేకపోయింది. గుడ్ ఈ రోగిని ప్రకృతి చేసిన ప్రయోగంగా భావించాడు. మనిషి మీద మనం చేయరాని ప్రయోగాన్ని ప్రకృతి తానే చేసి మన ముందు పెట్టింది; దానిని చదవటమే మన పని.

చదవటానికి అడ్డు ఒకటి ఉన్నది. థైమస్ గ్రంథి ఏమి చేస్తుందో ఆనాడు ఎవరికీ తెలియదు.

ఈ గ్రంథి రొమ్ముటెముక పైభాగం వెనుక, గుండెకు పైగా, రెండు తమ్మెలతో చదునుగా ఉంటుంది. పుట్టిన బిడ్డలో 10 నుండి 15 గ్రాముల బరువు ఉంటుంది. ఈడు వచ్చేనాటికి 30, 40 గ్రాములవుతుంది. అక్కడి నుండి ఏటేటా ముడుచుకుపోతుంది. నడివయసులో దాని స్థానంలో ఎక్కువ భాగం కొవ్వే కనిపిస్తుంది. పిల్లలలో పెద్దదిగా, పెద్దలలో చిన్నదిగా ఉంటుందని రెండవ శతాబ్దంలో గాలెన్ కూడా ఎరుగును. వాడిపోయే అవయవానికి పని ఏముంటుందని చాలామంది అనుకొన్నారు. దానినిండా లింఫోసైటులనే చిన్న తెల్లకణాలు కిక్కిరిసి ఉన్నా, అవి అక్కడ చచ్చిపోవటానికి వస్తవని, ఆ గ్రంథి వాటికి శ్మశానం వంటిదని అనుకొన్నారు.

ఈ అజ్ఞానం వల్ల జరిగిన ఒక విషాదాన్ని ఇక్కడ చెప్పకుండా దాటటానికి వీలులేదు. ఏ జబ్బూ లేని పసిబిడ్డలు అప్పుడప్పుడు నిద్రలోనే చనిపోవటం ఉన్నది. అట్టి బిడ్డలను కోసి చూసిన వైద్యులకు థైమస్ చాలా పెద్దదిగా కనిపించింది. అది గాలిగొట్టాన్ని నొక్కి ప్రాణం తీసిందని తేల్చారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో ఎందరో ఆరోగ్యవంతులైన బిడ్డలకు ముందు జాగ్రత్తగా థైమస్ మీద ఎక్స్-రేలు ప్రసరింపజేసి దానిని కుదించారు. పొరపాటు ఎక్కడ ఉన్నది? వైద్య కళాశాలలకు వచ్చే పసివారి శవాలు ఎక్కువగా బీదవారివి. తిండిలేక, చాలాకాలం జబ్బుపడి చనిపోయినవారివి. ఆకలి, జబ్బు థైమస్‌ను కుదింపజేస్తవి. ఆ కుదిరిన గ్రంథినే సరియైన కొలతగా పుస్తకాలలో రాసుకొన్నారు. హఠాత్తుగా పోయిన ఆరోగ్యవంతుని గ్రంథి, నిజానికి ఉండవలసినంతే ఉన్నది, వారికి రాక్షసంగా కనిపించింది! ఎక్స్-రేలు తిన్న పిల్లలలో కొందరికి పెద్దయిన తరువాత గొంతులోని థైరాయిడ్ గ్రంథికి క్యాన్సర్ వచ్చింది. ఈ సంబంధాన్ని 1950లో వైద్యులు ఎత్తిచూపారు. కొలత తప్పితే లెక్క ఎంత దూరం తప్పుతుందో తరగతిలో చెప్పటానికి ఇంతకంటె గట్టి ఉదాహరణ దొరకటం కష్టం.

గుడ్ తన రోగి వేసిన ప్రశ్నను కుందేళ్లను అడిగాడు. థైమస్‌కు ప్రతిరక్షకాలతో సంబంధం ఉంటే, దానిని తీసివేసిన కుందేలులో ప్రతిరక్షకాలు తగ్గాలి కదా? ఆయన, ఆయన సహచరులు కొన్ని వారాల వయసు గల కుందేళ్ల నుండి థైమస్‌ను తీసివేసి, వాటికి పరాయి మాంసకృత్తులు ఎక్కించి చూశారు. ఏమీ తేడా రాలేదు. థైమస్ ఉన్న కుందేలు ఎంత చేసిందో లేని కుందేలూ అంతే చేసింది. 1957లో ఈ ఫలితాన్ని ప్రచురించి ఊరుకొన్నారు. సరియైన ప్రశ్నే వేశారు. వేళ మాత్రం తప్పింది. పెళ్లి అయిపోయిన తరువాత పందిరి పీకితే పెళ్లి ఆగుతుందా?

ఆ వేళ ఏదో మరొక దారిలో వచ్చిన జాక్ మిల్లర్‌కు తెలిసింది. లండన్‌లోని చెస్టర్ బీటీ సంస్థలో ఈ యువకుడు చిట్టెలుకలకు వచ్చే ఒక రక్తపు క్యాన్సర్‌ను పరిశోధిస్తున్నాడు. ఆ క్యాన్సర్‌ను ఒక వైరస్ కలిగిస్తుంది. అది థైమస్‌లో మొదలవుతుంది. పుట్టిన వెంటనే వైరస్‌ను ఎక్కిస్తేనే వస్తుంది. కావున థైమస్ లేకుండా ఏమి జరుగుతుందో చూడటానికి మిల్లర్ పుట్టిన కొద్ది గంటలలోనే, చిటికెన వేలి కొన అంత ఉన్న చిట్టెలుక పిల్లల రొమ్ము తెరచి ఆ గ్రంథిని తీసివేశాడు. తల్లిపాలు తాగినన్నాళ్లు ఆ పిల్లలు బాగానే ఉన్నవి. తరువాత వైరస్ ఎక్కించినవి, ఎక్కించనివి అన్న భేదం లేకుండా చిక్కి, రోగాలపాలై, చాలావరకు చనిపోయినవి. వాటి రక్తంలో లింఫోసైటులు బాగా తగ్గినవి. వేరే జాతి ఎలుక చర్మాన్ని వాటి వీపున అంటుకట్టితే, మామూలు ఎలుకలవలె దానిని విసర్జించలేదు. పరాయి చర్మం హాయిగా అతుక్కొని రంగురంగుల వెండ్రుకలు పెంచింది. 1961లో మిల్లర్ ఈ సంగతిని ప్రకటించాడు. అదే రోజులలో మినసోటాలో గుడ్ బృందానికి చెందిన ఆర్చర్, పియర్స్ అనేవారు అప్పుడే పుట్టిన కుందేళ్ల మీద ఆ పాత ప్రయోగాన్నే మళ్ళీ చేశారు. ఈసారి ప్రతిరక్షకాలు తగ్గినవి.

ఇక రహస్యం విడిపోయింది. థైమస్ చిన్ననాడే లింఫోసైటులను తయారుచేసి ప్లీహానికి, శరీరమంతటా ఉన్న లింఫు గ్రంథులకు పంపిస్తుంది. కొన్ని వారాలలో ఆ పని చాలావరకు పూర్తి అవుతుంది. ఆ తరువాత గ్రంథిని తీసివేసినా, పంపిన సైన్యం తన పని తాను చేసుకొంటూనే ఉంటుంది. 1965లో ఆంజెలో డీజార్జ్ అనే వైద్యుడు థైమస్ లేకుండానే పుట్టిన బిడ్డలను గురించి చెప్పాడు. ప్రకృతి మనిషిలో కూడా మిల్లర్ ప్రయోగాన్ని చేస్తున్నదన్న మాట.

ఐతే ఒక చిక్కు మిగిలింది. బ్రూటన్ చూసిన బాలునికి ప్రతిరక్షకాలు లేవు, కాని లింఫోసైటులకు కొదువలేదు. థైమస్ లేని ఎలుకకు లింఫోసైటులు తగ్గి, పరాయి చర్మం కూడా అతుక్కొన్నది. రెండూ ఒకే లోపమైతే రెండు తీరులుగా ఎందుకు ఉన్నవి? దీనిని విడదీసింది కోడి. కోడి మలద్వారం దగ్గర పైభాగాన ఒక చిన్న సంచి ఉన్నది. ఇటలీలో పాడువా నగరపు ఫాబ్రిషియస్ దానిని వర్ణించాడు కాబట్టి దానికి ఫాబ్రిషియస్ బర్సా అని పేరు. బర్సా అంటే సంచి. దాని పని ఏమిటో తెలుసుకోవాలని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి కోడిపిల్లల నుండి సంచిని తీసివేసి పెంచుతున్నాడు. అతనికేమీ అంతుపట్టలేదు. అంతలో చాంగ్ అనే మరో విద్యార్థి, ప్రతిరక్షకాలు ఎట్లా తయారవుతవో తరగతికి చూపటానికి కోళ్లు కావాలని గ్లిక్ వద్ద కొన్ని ఎరువు తెచ్చుకొన్నాడు. సూక్ష్మజీవులను ఎక్కించాడు. ప్రతిరక్షకాలు రాలేదు! తరగతి ముందు ప్రయోగం విఫలమైన ఉపాధ్యాయుని అవస్థ తెలియనిదెవరికి? విచారిస్తే అవి సంచి తీసిన కోళ్లు. పేరున్న పత్రిక ఒకటి ఈ వ్యాసాన్ని తిప్పి పంపగా, 1956లో కోళ్ల పెంపకానికి చెందిన పత్రికలో అచ్చయింది. అందువల్ల వైద్యుల కంట చాలాకాలం పడలేదు.

1965లో గుడ్ వద్ద పనిచేస్తున్న మాక్స్ కూపర్ ఈ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూశాడు. పొదిగిన కొత్తలో కొన్ని కోడిపిల్లల థైమస్‌ను, కొన్నింటి బర్సాను తీసివేసి, ఇంకా ఏమైనా కణాలు మిగిలి ఉంటే నశించటానికి ఎక్స్-రేలు ప్రసరింపజేశాడు. బర్సా లేని కోళ్లలో గామా గ్లోబులిన్ లేదు. థైమస్ లేని కోళ్లలో లింఫోసైటులు తగ్గి, పరాయి చర్మం ఎక్కువకాలం నిలిచింది. కావున లింఫోసైటులు రెండు తెగలు. థైమస్‌లో పెరిగినవాటికి ఆంగ్లంలోని దాని పేరు మొదటి అక్షరాన్ని బట్టి టి కణాలని, బర్సాలో పెరిగినవాటికి బి కణాలని పేర్లు వచ్చినవి. మనుషులకు బర్సా లేదు. మన బి కణాలు ఎముకలలోని మూలుగలో పుడతవి. ప్రతిరక్షకాలను తయారుచేసేవి బి కణాల సంతతి. టి కణాలు వాటికి ఉత్తరువులిస్తవి. వైరస్ దూరిన కణాలను తామే చంపుతవి. కణాల లోపల దాగిన శత్రువులను అదుపులో ఉంచుతవి.

థైమస్‌ను శ్మశానమన్న పాతవారు పూర్తిగా తప్పు చెప్పలేదు. మూలుగ నుండి వచ్చిన పిల్లకణాలకు ఇది గట్టి పరీక్షలు పెట్టే బడి. శరీరపు సొంత కణాలను గుర్తుపట్టలేనివి మొదటి పరీక్షలోనే పోతవి. సొంత కణాల మీదనే తిరగబడేవి రెండవ పరీక్షలో పోతవి. నూటికి అయిదు కూడా గట్టెక్కవు. ఈ రెండవ పరీక్ష కోసం థైమస్‌లోని కొన్ని కణాలు శరీరంలో ఎక్కడెక్కడో ఉండే మాంసకృత్తులను, కాలేయానివి, కంటివి, క్లోమానివి, నమూనాలుగా తయారుచేసి పిల్లకణాలకు చూపిస్తవి. ఎయిర్ అనే జన్యువు ఈ పనిని నడిపిస్తుంది. అంతర్జాతీయ వస్తుప్రదర్శనశాలను ఒక అగ్గిపెట్టెలో అమర్చినట్లు!

ఇప్పుడు మొదటి రోగి వద్దకు తిరిగి రావచ్చు. థైమస్ కంతి పుట్టేది లింఫోసైటుల నుండి కాదు. వాటికి పాఠం చెప్పే కణాల నుండి. ఆ కంతిలో కూడా పిల్లకణాలు చేరుతవి, పెరుగుతవి. కాని బడి కట్టడం చెడిపోయింది. నమూనాలు చూపే ఎయిర్ జన్యువు అక్కడ సాధారణంగా పనిచేయదు. సగం చదువు చదివిన టి కణాలు రక్తంలోకి వస్తవి. వాటిలో కొన్ని సొంత శరీరం మీదికే పోతవి. థైమస్ కంతి ఉన్నవారిలో సుమారు మూడోవంతు మందికి మయస్తీనియా అనే రోగం రావటానికి కారణం ఇదే. నరం కండకు ఆజ్ఞ అందించే చోట ఉన్న గ్రాహకాలను ప్రతిరక్షకాలు మూసివేస్తవి. పొద్దున బాగానే ఉన్న మనిషికి సాయంత్రానికి కనురెప్పలు వాలిపోతవి, ముద్ద మింగుడుపడదు. ఎర్రకణాల ఉత్పత్తి నిలిచిపోయి తీవ్రమైన రక్తహీనత రావటం కూడా ఉన్నది.

ఇంతవరకు సరే. కాని గుడ్ చూసిన రోగికి పోయినవి బి కణాలు! టి కణాల బడిలో నిప్పు పుడితే, ఎక్కడో మూలుగలో ఉన్న బి కణాల ఇల్లు ఎందుకు కాలింది? ఇట్టి రోగుల రక్తంలో బి కణాలు చాలా తక్కువగా ఉంటవి, కొందరిలో అసలే ఉండవు. మూలుగను పరీక్షిస్తే బి కణాల మొలకలు కూడా తక్కువే. దారి తప్పిన టి కణాలు మూలుగకు పోయి ఆ మొలకలను తుంచివేస్తున్నవని కొందరంటారు. కంతి నుండి గాని, మూలుగ నుండి గాని వచ్చే ఏదో పదార్థం వాటి పెరుగుదలను ఆపుతున్నదని కొందరి ఊహ. లోపం అసలు మూలుగలోనే ఉన్నదని, కంతి, బి కణాల లేమి రెండూ దాని కొమ్మలేనని మరికొందరు. కణాలు ఒకదానికొకటి కబురు పంపుకొనే ఇంటర్‌ఫెరాన్, ఇంటర్‌ల్యూకిన్ వంటి పదార్థాల మీదనే ప్రతిరక్షకాలు తయారైనట్లు థైమస్ కంతి రోగులలో కనుగొన్నారు. అవి కొన్ని రోగాలకు లోబడటాన్ని వివరిస్తవి గాని, బి కణాల లేమిని వివరించవు. మొదటి ఊహకు బలం ఎక్కువగా కనిపిస్తున్నా, కంతిని తీసివేసిన తరువాత బి కణాలు తిరిగి రాకపోవటాన్ని అది సులభంగా విప్పి చెప్పలేదు. బహుశా దారి తప్పిన టి కణాలు అప్పటికే శరీరమంతా పాకి ఉండవచ్చు. గుడ్ కుందేళ్లు నేర్పిన పాఠమే ఇది.

ఈ రోగాన్ని నేడు గుడ్ సిండ్రోమ్ అని పిలుస్తున్నారు. ఆంగ్లంలో ఆ మాటకు మంచి అని అర్థం ఉండటం దురదృష్టమే. ఇది మంచి రోగం ఏమీ కాదు. థైమస్ కంతి ఉన్నవారిలో నూటికి పదిమంది లోపే దీని పాలబడతారు. స్త్రీ పురుష భేదం లేదు. ఎక్కువగా 40 నుండి 70 ఏళ్ల లోపు బయటపడుతుంది. మాటిమాటికి న్యుమోనియా, ముక్కు పక్కన ఉండే ఎముక గూళ్లలో చీము, ఎడతెగని విరేచనాలు దీని ముఖ్య లక్షణాలు. ఇవి ప్రతిరక్షకాల లేమి వల్ల వచ్చేవి. టి కణాల లోపం కూడా కలుస్తుంది కాబట్టి నోటిలో తెల్లని బూజు పూత, కంటిలోపలి పొరను తినివేసి చూపు పోగొట్టే వైరస్ వంటివి కూడా తోడవుతవి. చిన్ననాటి ఆటలమ్మ వైరస్ నిజానికి శరీరం విడిచిపోదు; నరాల మూలాలలో జీవితాంతం దాగి ఉంటుంది. టి కణాలు దానిని కదలనీయవు. వాటి పట్టు సడలినప్పుడు అది నరం వెంట బయలుదేరి, నడుముకో రొమ్ముకో ఒక పక్కన మంటపెట్టే పొక్కులుగా పైకి వస్తుంది. దానినే సర్పి అంటారు. ముదిమిలో చాలామందికి వచ్చేదే ఐనా, ఈ రోగులలో అది తీవ్రంగా, మాటిమాటికి వస్తుంది. ఒకసారి పోస్తే మళ్ళీ పోయదన్న ముసలమ్మ మాటకు మెలిక ఇక్కడ ఉన్నది.

ప్రాణాపాయం రోగంలో ఎంత ఉన్నదో ఆలస్యంలో అంత ఉన్నది. ఒక్కొక్క న్యుమోనియాను ఒక్కొక్క వైద్యుడు విడివిడిగా నయం చేస్తాడు. ఇన్నిసార్లు ఎందుకు వస్తున్నదని అడిగేవారుండరు. క్షయ విస్తారంగా ఉన్న దేశాలలో దగ్గు, చిక్కిపోవటం చూడగానే ముందు క్షయ తలపుకు రావటం సహజం. ఈలోగా ఊపిరితిత్తుల గాలిగొట్టాలు వెడల్పై, చీము నిలిచే గుంటలుగా మారుతవి. అవి మళ్ళీ బాగుపడవు. కొందరిలో కంతి ముందు కనిపిస్తుంది, కొందరిలో అంటురోగాలు ముందు వస్తవి. రెండింటి మధ్య కొన్నేళ్లు గడచిన సందర్భాలున్నవి. అందువల్ల థైమస్ కంతి కనిపించిన ప్రతివారి సీరంలో గామా గ్లోబులిన్లను కొలవాలని, నడివయసులో అవి పడిపోయిన ప్రతివారి రొమ్మును స్కాన్ తీయించాలని నిపుణులు చెబుతారు. ప్రతిరక్షకాలలో ముఖ్యమైన ఐజీజీ ఆరోగ్యవంతుని సీరంలో డెసిలీటరుకు సుమారు 700 నుండి 1600 మిల్లీగ్రాములుంటుంది. దీనిని కొలవటం ఈనాడు గొప్ప విద్య కాదు. అడగాలని తోచటమే కష్టం.

కంతిని శస్త్రచికిత్సతో తీసివేస్తారు. అది పక్కనున్న ఊపిరితిత్తులకు, గుండె పొరకు పాకకుండా ఉండటానికి ఇది అవసరం. మయస్తీనియా కూడా చాలామందిలో నెమ్మదిస్తుంది. గామా గ్లోబులిన్ మాత్రం బయటినుండి ఇవ్వవలసిందే. బ్రూటన్ బాలునికి ఇచ్చినదే ఈనాడు ఇంకా శుద్ధిచేసి, రక్తనాళంలోకి గాని చర్మం కిందికి గాని ఎక్కిస్తారు. సాధారణంగా శరీరపు బరువులో కిలోకు 400 మిల్లీగ్రాముల చొప్పున మొదలుపెడతారు. 60 కిలోల మనిషికి ఒక్కసారికి 24 గ్రాములు. ఐజీజీ సుమారు మూడు వారాలలో సగమవుతుంది, ఆరు వారాలలో పావు అవుతుంది. కావున ప్రతి మూడు నాలుగు వారాలకు ఒకసారి ఎక్కించాలి. నాలుగు వారాలకొకసారి అనుకొన్నా ఏడాదికి 13 సార్లు, 312 గ్రాములు, ప్రాణమున్నంత కాలం. ఒక్కొక్క తయారీలో వెయ్యిమందికి పైగా దాతల ప్లాస్మా కలిసి ఉంటుంది. ఆ దాతలు పడిన జ్వరాలు, వేయించుకొన్న టీకాలు, వారి రక్తం రాసిపెట్టుకొన్న గుర్తులు ఈ రోగికి ఎరువుగా వస్తవి. ఐతే అది ప్రతిరక్షకాల లోటునే పూడ్చగలదు. టి కణాలను ఎవరూ ఇట్లా సీసాలో పోసి ఇవ్వలేరు. అందువల్ల బూజు రోగాలు, వైరస్ రోగాల విషయంలో ఈ రోగులను ఎప్పటికప్పుడు కనిపెట్టి చూస్తూ, బ్రతికి ఉన్న సూక్ష్మజీవులతో చేసిన టీకాలను సాధారణంగా వేయకుండా జాగ్రత్తపడతారు.

కంతి తీసివేసిన కొన్నేళ్ల తరువాత, అంతవరకు సరిగా ఉన్న గామా గ్లోబులిన్ పడిపోయిన రోగులు కూడా ఉన్నారు. రొమ్ములో కంతి లేదు, గ్రంథీ లేదు. ఐనా మూలుగలో బి కణాల మొలకలు ఎండిపోతవి. అందువల్ల శస్త్రచికిత్స బాగా జరిగిన తరువాత కూడా ఇట్టివారి సీరాన్ని అప్పుడప్పుడు పరీక్షిస్తూనే ఉండవలసి వస్తున్నది.